కింది దవడ నమూనా: సి.టి. స్కాన్ నుంచి ప్లేటు వంచేదాకా నా అనుభవం

సి.టి. స్కాన్ సి.డి. తెరవగానే మొదట స్లైసు (అడ్డంగా కోసినట్టు తీసిన ఒక్కో బొమ్మ) మందం చూస్తాను. 0.6 లేదా 0.625 మి.మీ. అని ఉంటే పని మొదలుపెట్టొచ్చు. 5 మి.మీ. అని ఉంటే ఆ సి.డి. పక్కన పెట్టి స్కాన్ సెంటరుకు ఫోన్ చేస్తాను. ఫిల్మ్ మీద చూడడానికి, రిపోర్టు రాయడానికి 5 మి.మీ. స్లైసులు సరిపోతాయి. ఎముకను త్రీడీలో కట్టడానికి సరిపోవు. ఒక స్లైసుకూ మరో స్లైసుకూ నడుమ దవడ అంచు ఎటు వంగిందో కంప్యూటర్ ఊహించుకోవాల్సి వస్తుంది, నమూనా మెట్లుమెట్లుగా వస్తుంది. ఆ మెట్లను నున్నగా చేసి చూపించడం తేలికే. కాని ఆ నునుపు సాఫ్ట్‌వేర్ కల్పించింది, రోగి ఎముకలో ఉన్నది కాదు.

ఇక్కడ రాస్తున్నది ఒక రకం పని గురించే. కింది దవడలో అమెలోబ్లాస్టోమా లాంటి కణితి ఉంటుంది. సర్జన్ ఆ ముక్కను తీసేసి, మిగిలిన రెండు కొసలను టైటానియం ప్లేటుతో కలుపుతారు. ఆ ప్లేటును ఆపరేషన్ బల్ల దగ్గర, నోరు తెరిచి ఉన్న రోగి మీద కొలతలు చూసుకుంటూ వంచేకన్నా, ముందురోజే ప్లాస్టిక్ దవడ మీద వంచి పెట్టుకుంటే మత్తులో గడిచే సమయం తగ్గుతుంది. ఇంకో లాభం లోహానికి సంబంధించింది. టైటానియం ప్లేటును ఒకే రంధ్రం దగ్గర అటూ ఇటూ పదేపదే వంచితే అక్కడ అలసట వస్తుంది, కొన్ని నెలల నమలడం తర్వాత సరిగ్గా అక్కడే విరుగుతుంది. నమూనా చేతిలో ఉంటే వంపు ఒకటి రెండు సార్లలో కుదురుతుంది.

ఈ పనిలో ప్రింటర్ వాటా తక్కువ. స్కాన్, థ్రెషోల్డ్ (ఏ విలువ దాటితే ఎముకగా లెక్కించాలో చెప్పే హద్దు), నునుపు, ప్రింట్, సపోర్టులు తీయడం: ప్రతి మజిలీలో ఎముక అంచు కొద్దిగా జరుగుతుంది. ఎటు జరిగింది, ఎంత జరిగింది అన్నది తెలిసి ఉండాలి. ప్లేటుకు అర మి.మీ. తేడా పరవాలేదు. ఒక మి.మీ. దాటితే స్క్రూ బిగించేటప్పుడు ప్లేటు ఎముకను తన వైపు లాగుతుంది, పళ్ల కాటు మారిపోతుంది.

స్కాన్ ఇంకా తీయకపోతే అది అదృష్టమే, కావలసినట్టు అడిగి తీయించుకోవచ్చు. టెక్నీషియన్‌కు రాసి పంపేది ఇంతే: రెండు కండైల్స్ (దవడ కీలులో కూర్చునే పై కొసలు) నుంచి గడ్డం కింది అంచు దాకా పూర్తిగా రావాలి, గ్యాంట్రీ (స్కానర్ గుండ్రటి చట్రం) వంపు సున్నా, స్లైసు మందం ఒక మి.మీ. లోపు, స్లైసుల మధ్య దూరం ఆ మందంతో సమానం లేదా తక్కువ, ఫీల్డ్ ఆఫ్ వ్యూ (బొమ్మలో పట్టే వెడల్పు) 200 మి.మీ. చుట్టుపక్కల. 512 పిక్సెళ్లలోకి 200 మి.మీ. వస్తే పిక్సెల్ 0.39 మి.మీ. అదే తలంతా పట్టేలా 250 పెడితే 0.49. ఎముక కోసమే అయితే కాంట్రాస్ట్ మందు అక్కర్లేదు. పై పళ్లూ కింది పళ్లూ తాకకుండా నడుమ దూది చుట్ట పెట్టమంటాను. తాకిన పళ్లను కంప్యూటర్‌లో విడదీయడం అంటే పంటి ఎనామిల్‌ను ఊహతో కోయడమే. కట్టుడు పళ్లు, చెవి కమ్మలు, ముక్కుపుడక తీయించాలి. ముక్కుపుడక తీయడానికి చాలామంది ఇష్టపడరు. చిన్నదే అయినా దాని నుంచి వచ్చే చారలు పై దవడ మీదుగా సాగుతాయి. కింది దవడ పనికి అది పెద్దగా అడ్డు రాదు కాబట్టి, పై దవడ నమూనా అయితేనే పట్టుబడతాను. శ్రీకాకుళం, విశాఖ తీరంలో అడ్డపొగ (చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని) తాగే అలవాటు వల్ల అంగిలి మీద వచ్చే కేన్సర్లకు చేసే నమూనాలు అలాంటివి.

కెర్నెల్ (స్కానర్ ముడి డేటాను బొమ్మగా మార్చే లెక్క) సంగతి వేరుగా చెప్పుకోవాలి. ఎముక అనగానే టెక్నీషియన్లు పదునైన బోన్ కెర్నెల్‌తో తీసిన సిరీస్ ఇస్తారు. కంటికి అది చాలా స్పష్టంగా ఉంటుంది. నమూనాకు మాత్రం సాఫ్ట్ లేదా మధ్యస్థ కెర్నెల్ మేలు. పదును పెంచే లెక్క అంచు దగ్గర విలువలను ఉన్నదానికన్నా పైకి లేపుతుంది, గరుకు కూడా పెంచుతుంది. ఆ గరుకంతా మెష్‌లో (నమూనా ఉపరితలాన్ని కట్టే త్రిభుజాల వలలో) పొక్కుల్లా తేలుతుంది. ఒకే స్కాన్ నుంచి రెండు కెర్నెళ్లూ తీయొచ్చు, రోగిని మళ్లీ పిలవక్కర్లేదు. అయితే త్వరపడాలి. స్కానర్‌లో ముడి డేటా కొన్ని రోజులే ఉంటుంది, డిస్కు నిండగానే పాతది చెరిగిపోతుంది. ఆ తర్వాత 5 మి.మీ. స్లైసులే మిగులుతాయి.

ఫిల్మ్‌ను కిటికీకి పెట్టి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపేవాళ్లున్నారు. దానితో ఏమీ చేయలేం. డైకామ్ (స్కానర్ ఇచ్చే అసలు బొమ్మల రూపం) ఫైళ్లే కావాలి, జిప్ చేసి మొత్తం ఫోల్డర్ కావాలి. 0.625 మి.మీ. చొప్పున 120 మి.మీ. ఎత్తుకు 192 స్లైసులు, ఒక్కోటి దాదాపు అర మెగాబైట్, మొత్తం వంద మెగాబైట్లు. అంతకన్నా బాగా తక్కువ వచ్చిందంటే మధ్యలో కొన్ని రాలేదనో, కుదించి పంపారనో అర్థం. సి.డి. కాపీలో నాలుగైదు స్లైసులు తప్పిపోవడం మామూలే. త్రీడీ స్లైసర్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచినప్పుడు స్లైసుల మధ్య దూరం సమానంగా లేదని హెచ్చరిక వస్తుంది. దాన్ని చూడకుండా సరే నొక్కితే ఆ ఖాళీ మేరకు దవడ పొట్టిదవుతుంది లేదా సాగుతుంది. ముందుకు పోయే ముందే రోగి పేరు, నంబరు తీసేసి ఒక కోడ్ పెడతాను. ఈ ఫైళ్లు ప్రింట్ చేసేవాళ్ల దాకా పోతాయి, వాళ్లకు పేరుతో పని లేదు.

కోన్ బీమ్ స్కాన్ (పళ్ల వైద్యంలో వాడే సి.టి. రకం) తెచ్చినా పని జరుగుతుంది. దాని వోక్సెల్ (త్రీడీ పిక్సెల్) 0.2 నుంచి 0.4 మి.మీ. దాకా ఉంటుంది. కాని అందులో బూడిద రంగు విలువలు అసలైన హౌన్స్‌ఫీల్డ్ విలువలు (సి.టి.లో సాంద్రతను చెప్పే అంకెలు) కావు, యంత్రానికో రకంగా ఉంటాయి. అందుకని కింద చెప్పబోయే అంకెలు దానికి వర్తించవు. చిన్న ఫీల్డ్ యంత్రాల్లో కండైల్స్ కోసుకుపోతాయి కూడా.

ఇక థ్రెషోల్డ్. నేను ఎక్కువసేపు గడిపేది ఇక్కడే.

హౌన్స్‌ఫీల్డ్ కొలతలో నీరు 0, గాలి మైనస్ 1000. కండరం 50 చుట్టూ ఉంటుంది, గట్టి ఎముక 1500 దాకా, కొన్నిచోట్ల అంతకు మించి పోతుంది. ఎముకకు చాలా సాఫ్ట్‌వేర్లలో వాడుకలో ఉన్న కింది హద్దు 226. ఈ అంకెను కళ్లు మూసుకుని వాడేవాళ్లే ఎక్కువ. దాని వల్ల ఏమవుతుందో లెక్క వేసి చూడండి. స్కానర్ ఏ అంచునూ గీత గీసినట్టు చూపించదు, కొంత మసక ఉంటుంది. ఆ మసక వెడల్పు ఒక మి.మీ. అనుకుందాం. 50 నుంచి 1500కు ఎక్కే వాలులో అసలు అంచు సగం ఎత్తులో, అంటే 775 దగ్గర ఉంటుంది. 226 పెడితే గీత ఆ వాలు అడుగున పడుతుంది, ఎముక ఒక్కో వైపు సుమారు అర మి.మీ. ఉబ్బుతుంది. రెండు వైపులా కలిపితే ఒక మి.మీ. లావు.

అలాగని అంతటా 775 పెడితే సరిపోతుందా? అర మి.మీ. మందం ఉన్న పలుచటి ఎముక ఆ మసకలో పడి 700 దగ్గరే ఆగిపోతుంది. 775 పెట్టగానే అది మాయమై, లేని చోట రంధ్రం కనిపిస్తుంది. కంటి గుంత అడుగు భాగంలో ఇది మరీ ఎక్కువ. కింది దవడలో కణితి ఉబ్బించిన చోట ఎముక గుడ్డు పెంకులా పలుచబడుతుంది, అక్కడా ఇదే జరుగుతుంది. సర్జన్‌కు ఆ రంధ్రం ముఖ్యమైన సమాచారం: కణితి ఎముకను తొలుచుకుని బయటికి వచ్చిందా లేదా అన్నది దాన్నిబట్టే తేలుతుంది. మన థ్రెషోల్డ్ వల్ల పుట్టిన రంధ్రాన్ని చూసి అలా అనుకునే పరిస్థితి రాకూడదు.

కాబట్టి దవడ మొత్తానికి ఒకే అంకె వాడను. ప్లేటు కూర్చునే కింది అంచు, బయటి ముఖం గట్టి ఎముక. అక్కడ 500 నుంచి 700 మధ్య ఏది సరిపోతే అది. కణితి చుట్టూ, కండైల్ తల దగ్గర 250 చుట్టూ. స్లైసర్ సెగ్మెంట్ ఎడిటర్‌లో (ఎముకను స్కాన్‌లోంచి సెగ్మెంట్‌గా వేరుచేసే చోట) ఒక ప్రాంతానికే పరిమితం చేసి ఒక్కో అంకె వేసి తర్వాత రెండూ కలుపుతాను. సరిపోయిందో లేదో అంకెను బట్టి కాకుండా గీతను బట్టి చూస్తాను. సెగ్మెంట్ అంచును గీతగా పెట్టి, కింద అసలు స్కాన్ పెట్టి, మూడు తలాల్లోనూ స్లైసులు జరుపుకుంటూ పోవాలి. గీత తెలుపుకూ బూడిదకూ మధ్య వాలులో సగంలో నడవాలి. ఇది చూసేటప్పుడు విండో వెడల్పు 2000, మధ్య విలువ 500 ఉంచుతాను. మెత్తటి కణజాలాల విండోలో పెట్టి చూస్తే ఎముక కంటికే లావుగా కనిపిస్తుంది, తప్పు గీత కూడా ఒప్పుగా తోస్తుంది.

పంటి వెండి సిమెంటు, క్రౌన్లు ఉంటే చారలు తప్పవు. ప్లేటు పనికి పళ్ల పైభాగాలు అంత ముఖ్యం కాదు కాబట్టి చారలను కత్తెర పనిముట్టుతో కోసేసి వదిలేస్తాను. కాటు మీద కూర్చునే స్ప్లింటు గాని, పళ్ల మీద ఆనే గైడు గాని చేయాల్సి వస్తే మాత్రం దంత అచ్చును విడిగా స్కాన్ చేసి, ఆ పళ్లను ఇక్కడ అతికించాలి. సి.టి. పళ్లను నమ్మి స్ప్లింటు చేస్తే అది కూర్చోదు.

కింది దవడను పుర్రె నుంచి విడదీయడం తర్వాతి పని. గ్రో ఫ్రమ్ సీడ్స్ అనే పద్ధతిలో దవడ మీద ఒక రంగు, పుర్రె మీద ఒక రంగు, మిగతా దాని మీద మూడో రంగు కాస్త కాస్త పూసి వదిలితే అది పెంచుకుంటూ పోతుంది. కీలు దగ్గర మాత్రం దాన్ని నమ్మకూడదు. కండైల్‌కూ పై గుంతకూ నడుమ సందు ఒకటి రెండు మి.మీ. మాత్రమే. పక్క నుంచి చూసే తలంలో, గోళాకారపు ఎరేజర్‌తో స్లైసు స్లైసుకూ చేత్తో తుడవాల్సిందే. ఐలాండ్స్ వాడి అతి పెద్ద ముక్కను మాత్రమే ఉంచితే గాల్లో తేలే తునకలు పోతాయి. ఈ పని సందు తెరిచాకే చేయాలి, లేకపోతే పుర్రె మొత్తం దవడతో పాటే వస్తుంది.

నాడి కాలువ కావాలని కొందరు సర్జన్లు అడుగుతారు. రేమస్ (దవడ వెనక నిటారుగా లేచే భాగం) లోపలి రంధ్రం నుంచి గడ్డం పక్క రంధ్రం దాకా 2–3 మి.మీ. వ్యాసం గల గొట్టం అది. కణితి దాన్ని ఎటు నెట్టిందో తెలిస్తే స్క్రూ ఎక్కడ వేయకూడదో తెలుస్తుంది. థ్రెషోల్డ్‌తో అది రాదు, చేత్తో పూసి వేరే సెగ్మెంట్‌గా ఉంచాలి. అపారదర్శకమైన పి.ఎల్.ఎ. ప్లాస్టిక్‌లో ప్రింట్ చేస్తే అది కనిపించదు కాబట్టి, కాలువ కావాలంటే పారదర్శక రెజిన్‌కు పోవాలి.

సెగ్మెంట్ నుంచి త్రిభుజాల మెష్ వస్తుంది. ఈ లెక్క మార్చింగ్ క్యూబ్స్ అనే పద్ధతి నుంచి వచ్చింది. 1987లో లోరెన్‌సెన్, క్లైన్ దీన్ని ప్రచురించారు. మనం ప్రింటర్‌కు పంపే ఎస్.టి.ఎల్. ఫైలు రూపం కూడా త్రీడీ సిస్టమ్స్ వాళ్ల దగ్గర అదే సంవత్సరం పుట్టింది. ఇప్పటికీ రెండూ కలిసే నడుస్తున్నాయి. బైనరీ ఎస్.టి.ఎల్.లో ఒక్కో త్రిభుజానికి 50 బైట్లు. పది లక్షల త్రిభుజాలున్న దవడ 50 మెగాబైట్లవుతుంది. రెండు మూడు లక్షలకు తగ్గించినా ప్లేటుకు కావలసిన ఆకారంలో తేడా కనిపించదు, కంప్యూటర్ మాత్రం ఊపిరి పీల్చుకుంటుంది.

ఎస్.టి.ఎల్.లో కొలత ప్రమాణం ఉండదు. 100 అని ఉంటే అది మి.మీ.నా అంగుళాలా అన్నది చదివే సాఫ్ట్‌వేర్ ఇష్టం. 25.4 రెట్ల తేడా కంటికే తెలిసిపోతుంది కాబట్టి అది పెద్ద ప్రమాదం కాదు. కుడిఎడమలు తారుమారవడమే ప్రమాదం. డైకామ్ అక్షాలు, స్లైసర్ లోపలి అక్షాలు రెండు దిశల్లో ఎదురెదురుగా ఉంటాయి. రెండు అక్షాలు ఒకేసారి తిరగబడితే బొమ్మ 180 డిగ్రీలు తిరుగుతుంది, అంతే. ఒక్క అక్షమే తిరగబడితే అద్దంలో బొమ్మ అవుతుంది. డైకామ్ కాకుండా బొమ్మల వరుసగా మార్చి తెచ్చిన ఫైళ్లలో, స్లైసులు కింది నుంచి పైకి కాకుండా పై నుంచి కిందికి పేర్చినప్పుడు ఇది జరుగుతుంది. కింది దవడ రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి చూసి పట్టుకోలేం. అందుకే ఊడిన పన్ను, కణితి ఉన్న వైపు స్కాన్ రిపోర్టుతో సరిచూసి, కుడి రేమస్ లోపలి ముఖం మీద కుడి అని 0.6 మి.మీ. లోతున చెక్కుతాను. ఆ పక్కనే కోడ్, స్కాన్ తేదీ. లోపలి ముఖం ఎందుకంటే ప్లేటు బయటి ముఖం మీద కూర్చుంటుంది.

మెష్ నునుపు చేయడంలో జాగ్రత్త కావాలి. మామూలు లాప్లేసియన్ నునుపు ప్రతి బిందువునూ పొరుగు బిందువుల సగటు వైపు లాగుతుంది, దాంతో మొత్తం బొమ్మ కొద్దికొద్దిగా కుంచించుకుపోతుంది. లావుగా ఉన్న గడ్డం దగ్గర అది తెలియదు. పలుచటి కొరొనాయిడ్ (కండైల్‌కు ముందున్న మొన) కొస, కండైల్ మెడ సన్నబడతాయి. టాబిన్ పద్ధతిలో ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి జరుపుతుంది కాబట్టి ఆ నష్టం చాలా తక్కువ. స్లైసర్‌లో సెగ్మెంట్ దశలోనే 3×3×3 మీడియన్ ఒక్కసారి వేస్తే గరుకు చాలావరకు పోతుంది. అంతకు మించి నునుపు కావాలనిపిస్తే స్కాన్ మంచిది కాదని అర్థం.

లోపలి స్పంజి ఎముక మరో తలనొప్పి. థ్రెషోల్డ్ వేయగానే లోపల వందల సొరంగాలు, ఖాళీలు మిగులుతాయి. మెష్‌ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌లో టోపాలజీ కొలతలు అడిగితే జీనస్, అంటే సొరంగాల సంఖ్య, చెబుతుంది. మూతపడిన మెష్‌కు బిందువుల సంఖ్యలోంచి అంచులు తీసేసి ముఖాలు కలిపితే 2 రావాలి, ఒక్కో సొరంగానికి అది 2 చొప్పున తగ్గుతుంది. నాడి కాలువ లాంటివి లెక్కేసినా జీనస్ ఒక అంకెలో ఉండాలి. 300, 400 కనిపిస్తే లోపల ఇంకా స్పంజి మిగిలే ఉంది. ప్రింటర్ ఒక్కో రంధ్రం చుట్టూ గోడ కడుతూ గంటలు తింటుంది, స్క్రూ రంధ్రం వేసి చూద్దామంటే ప్లాస్టిక్ ఎక్కడ ఉందో ఎక్కడ లేదో తెలియదు. క్లోజింగ్ వాడి లోపలిని నింపి గట్టి ముద్దగా చేయడం మేలు. బయటి అంచు దీంతో మారకూడదు కాబట్టి, నింపాక అసలు స్కాన్ మీద గీతను మళ్లీ ఒకసారి చూస్తాను.

ఇప్పుడు కణితి ఉబ్బు. ఉన్నదున్నట్టు ప్రింట్ చేసి ఆ ఉబ్బు మీద ప్లేటు వంచితే, కణితి తీసేశాక కూడా చెంప వాచినట్టే ఉంటుంది. అందుకని రెండు నమూనాలు చేస్తాను. ఒకటి ఉన్నదున్నట్టు, సర్జన్ కోత గీతలు వేసుకోవడానికి. రెండోది ప్లేటుకు: ఆరోగ్యంగా ఉన్న సగాన్ని అద్దంలో తిప్పి జబ్బు వైపు పెట్టింది. తిప్పడానికి ముఖం నడి గీతనే నమ్ముకుంటే ఒకటి రెండు మి.మీ. తేడా వస్తుంది, ఎవరి దవడా రెండు వైపులా అచ్చంగా ఒకేలా ఉండదు. తిప్పిన సగాన్ని జబ్బు వైపు మిగిలిన మంచి ఎముకకు, అంటే రేమస్ వెనక అంచుకు, కండైల్‌కు సరిపెట్టాలి. కోత తర్వాత ఉండిపోయే ఎముక అదే, స్క్రూలు దిగేదీ అందులోకే. ఆ రెండు కొసల దగ్గర అసలు ఎముక ఉపరితలాన్ని ఉంచి, మధ్య భాగానికే తిప్పిన ఆకారం వాడతాను. ఉబ్బు చిన్నదైతే ఇంత అక్కర్లేదు, బ్లెండర్‌లో చెక్కి దించేస్తే సరిపోతుంది.

కోత గైడు (రంపాన్ని సరైన చోట నడిపే అచ్చు) కూడా కావాలంటే పని ఇంజనీరింగ్ వైపు తిరుగుతుంది. మెష్ అంటే త్రిభుజాల తొడుగు మాత్రమే. క్యాడ్‌లో మనం గీసే గైడు, రంపపు గాడి గణిత ఉపరితలాలతో కట్టిన ఘనం. ఈ రెండింటినీ కలిపి ఒకదాన్నుంచి ఒకటి తీసేయాలంటే మెష్ ఎక్కడా తెరిచి ఉండకూడదు, ఒక అంచును మూడు ముఖాలు పంచుకోకూడదు. అలా ఉంటే బూలియన్ (ఆ కలిపే, తీసేసే లెక్క) విఫలమవుతుంది, లేదా జరిగిందనిపించి సగం గైడు మాయమవుతుంది. పది లక్షల త్రిభుజాలను క్యాడ్ ఘనంగా మార్చే ప్రయత్నం చేయొద్దు, గైడు ఆనే 30 మి.మీ. ముక్కను కోసి అదొక్కటే మార్చాలి. గైడుకూ ఎముకకూ నడుమ 0.1–0.2 మి.మీ. సందు వదలాలి. రంపపు గాడికి బ్లేడు మందం సర్జన్ దగ్గర వెర్నియర్‌తో కొలిచి, దానికి 0.1–0.2 కలపాలి. ఇది రోగి శరీరాన్ని తాకే వస్తువు. ఇంట్లో వాడే పి.ఎల్.ఎ. దీనికి పనికిరాదు, సర్జికల్ గైడు కోసమే అమ్మే బయోకంపాటబుల్ రెజిన్‌నో, ఎస్.ఎల్.ఎస్. పద్ధతిలో (పొడిని లేజర్‌తో అతికించి) చేసిన నైలాన్ 12నో వాడాలి. హైదరాబాద్‌లోని టీ-వర్క్స్ అనే ప్రోటోటైపింగ్ కేంద్రం లాంటి చోట్ల యంత్రాలు దొరుకుతాయి. అయినా పదార్థం సర్టిఫికెట్, కడిగి ఆరబెట్టి క్యూర్ చేసిన పద్ధతి కాగితం మీద లేకపోతే ఆ గైడు థియేటర్‌లోకి పోకూడదు.

ప్లేటు వంచే నమూనాకు మామూలు ఎఫ్.డి.ఎం. (ప్లాస్టిక్ తీగను కరిగించి పొరలుగా పేర్చే) ప్రింటర్, పి.ఎల్.ఎ. ఫిలమెంట్ బాగా సరిపోతాయి. కిలో వెయ్యి రూపాయల అటూ ఇటూ, ఒక దవడకు సపోర్టులతో కలిపినా వంద గ్రాములకు కాస్త అటూ ఇటూ పడుతుంది. నాజిల్ 0.4, లేయర్ 0.15, నాజిల్ వేడి 205–210, పలక 60 డిగ్రీలు. గోడలు నాలుగు, లోపలి నింపు 25 శాతం. గోడలు రెండే పెడితే ప్లేటు నొక్కిన చోట ప్లాస్టిక్ సొట్టపోతుంది, తర్వాతి వంపు ఆ సొట్ట మీద ఆధారపడుతుంది.

ఏ భంగిమలో నిలబెట్టాలన్నది చాలామంది సాఫ్ట్‌వేర్‌కు వదిలేస్తారు. అది తక్కువ సపోర్టులు చూసుకుని కింది అంచు మీద కూర్చోబెడుతుంది. ప్లేటుకు కావలసిన ఉపరితలమే అది. సపోర్టు ఊడదీసిన మచ్చలు, పలకకు నొక్కుకుని వెడల్పైన మొదటి లేయర్ అన్నీ అక్కడే పడతాయి. నేను రేమస్ వెనక అంచులు కిందికి, గడ్డం పైకి వచ్చేలా నిలబెడతాను. బయటి ముఖం, కింది అంచు నిటారుగా వస్తాయి, సపోర్టులు నాలుక వైపు పడతాయి. కండైల్ మెడ లేయర్ల వెంట పడుకుంటుంది కాబట్టి విరగదు. నష్టం ఒకటుంది: దవడ నడుము భాగం లేయర్ల మీదుగా అడ్డంగా తెగే అవకాశం. ప్లేటును నమూనాకు ఆనించి బలంతో వంచకపోతే ఇబ్బంది లేదు. వంచేది బెండర్లతో, నమూనా సరిచూసుకోవడానికే.

కాకినాడ, విశాఖ గాలిలో తేమకు ఫిలమెంట్ వారం రోజుల్లోనే పాడవుతుంది. నాజిల్ దగ్గర చిటపట మోత, నమూనా నిండా సన్నటి దారాలు వస్తాయి. 45–50 డిగ్రీల దగ్గర ఐదారు గంటలు ఆరబెట్టి సిలికాతో డబ్బాలో పెట్టాలి. ప్రింట్‌కు పది గంటల పైనే పడుతుంది కాబట్టి యు.పి.ఎస్. ఉండాల్సిందే. కరెంటు పోయి వచ్చాక మళ్లీ మొదలుపెట్టే సదుపాయం ఉన్నా, పలక చల్లబడితే నమూనా కదులుతుంది, ఆ లేయర్ దగ్గర మెట్టు పడుతుంది. మెట్టున్న దవడను అతికించి ఇవ్వను, మళ్లీ ప్రింట్ చేస్తాను.

చల్లారాక కొలతలు. 20 మి.మీ. ఘనం ప్రింట్ చేసి ప్రింటర్ సరిగ్గా ఉందనుకోవడం వల్ల లాభం లేదు, అంత చిన్న దూరంలో పి.ఎల్.ఎ. కుంచించుకుపోయేది లెక్కకు అందదు. నాలుగు దూరాలు తీస్తాను: రెండు కండైల్స్ బయటి కొసల మధ్య, రెండు దవడ మూలల మధ్య, గడ్డం పక్క రంధ్రాల మధ్య, కండైల్ నుంచి గడ్డం దాకా. వీటిని స్కాన్ తలాల మీద కొలవాలి. త్రీడీ బొమ్మ మీద కొలిస్తే మన థ్రెషోల్డ్‌ను మన థ్రెషోల్డ్‌తోనే పరీక్షించినట్టు. వెర్నియర్‌తో నమూనా మీద కొలిచినవి, స్కాన్ మీదవి ఒక కాగితం మీద పక్కపక్కన రాసి సర్జన్‌కు ఇస్తాను. అన్నీ ఒకే నిష్పత్తిలో తగ్గితే ప్రింటర్ స్కేలు తప్పు. దూరాలు సరిగ్గా ఉండి మందాలు మాత్రం పెరిగితే థ్రెషోల్డ్ తప్పు. ఒక్క దిశలోనే తేడా వస్తే తప్పిపోయిన స్లైసులో, గ్యాంట్రీ వంపో, బెల్టు వదులో.

ప్లేటు వంచేటప్పుడు డాక్టరు గారు ఉండాలి. కోత గీతలు ఎక్కడ అన్నది వారే గీయాలి, కోతకు అటూ ఇటూ కనీసం మూడేసి స్క్రూలు దిగేలా ప్లేటు పొడవు చూసుకోవాలి. ముందు మెత్తటి టెంప్లేటు పట్టీని నమూనాకు అద్ది, దాన్ని చూస్తూ 2.4 మి.మీ. రీకన్‌స్ట్రక్షన్ ప్లేటును వంచుతారు. ప్లేటుకూ ప్లాస్టిక్‌కూ నడుమ పలుచటి కాగితం దూర్చి చూస్తే ఎక్కడ ఎత్తుందో తెలిసిపోతుంది.

వంచిన ప్లేటు ఆటోక్లేవ్‌కు పోతుంది. నమూనా పోకూడదు. పి.ఎల్.ఎ. 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, 121 డిగ్రీల ఆవిరిలో ముద్దవుతుంది. ఇథిలీన్ ఆక్సైడ్ గ్యాస్ పెట్టొచ్చు గాని, లోపల నింపు ఖాళీల్లో గ్యాస్ చిక్కుకుంటుంది కాబట్టి గాలి ఆడనివ్వడానికి ఎక్కువ సమయం ఇవ్వాలి, ఆ వేడి కూడా 55 డిగ్రీలు దాటకూడదు. చాలా చోట్ల ఇంత శ్రమ పడకుండా నమూనాను పారదర్శక సంచిలో మూసి, స్టెరైల్ బల్లకు దూరంగా కనబడేలా పెడతారు. చేతిలోకి తీసుకోవాలనుకునే సర్జన్ ముందే చెబితే నైలాన్ 12లో చేయిస్తాను, అది ఆవిరికి తట్టుకుంటుంది.

ఆపరేషన్ వాయిదా పడి నెలలు గడిస్తే, చెక్కిన స్కాన్ తేదీ చూసి కొత్త స్కాన్ అడుగుతాను. మంచి ఎముక మారదు, ప్లేటు వంపు అలాగే సరిపోతుంది. కణితి అంచు మాత్రం జరిగి ఉంటుంది. కొత్త కోత గీతకు అవతల ఆ ప్లేటులో ఇంకా మూడు రంధ్రాలు మిగులుతున్నాయో లేదో లెక్క చూసి, మిగలకపోతే పొడవైన ప్లేటు తెప్పించి మళ్లీ వంచాల్సిందే.